గ్యాసు ఎక్కడికి పోయినది?

కర్నూలు, కడప, పీలేరుల మీదుగా చిత్తూరునకు పోవు పెద్ద రోడ్డుపై, చిత్తూరునకు కొంచెము ముందుగా పూతలపట్టు ఉన్నది. నాయుడుపేట నుండి తిరుపతి మీదుగా వచ్చు జాతీయ రహదారి ఇచ్చటనే ఆ రోడ్డును కలియును. అందువలన ఈ కూడలి గుండ రాత్రింబవళ్ళు లారీలు సాగుచుండును. మామిడికాయల కాలములో వీని సంఖ్య మరింత పెరుగును. చిత్తూరు ప్రాంతపు తోతాపురి కాయ గుజ్జు కర్మాగారములకు చేరునది ఎండలు ఇంకను తగ్గని దినములలోనే. కర్మాగారపు వాకిట వరుసలో నిలిచిన లారీకి పైన ఎండ, ముందు ఇంజను వేడి, క్రింద కాలిన తారురోడ్డు. ఈ మూడింటి నడుమ కూర్చున్న డ్రైవరు శరీరమును చల్లబరచు సాధనము అతని చెమట ఒక్కటే.

ఈ కష్టమును గుర్తించి కేంద్ర ప్రభుత్వము 2023 డిసెంబరులో ఒక నియమము చేసినది. మొత్తము బరువు 3.5 టన్నులకు మించిన సరకు వాహనములలో, 2025 అక్టోబరు 1వ తేదీన గాని ఆ తరువాత గాని తయారగు వానికి, కేబినులో ఏసీ యంత్రము ఉండి తీరవలెను. అంతకు ముందు తయారైన లారీలకు ఈ నియమము వర్తింపదు. ఆ పాత లారీలలో కొన్నింటికి మాత్రమే ఏసీ ఉన్నది. ఉన్నవానిలోను ఏండ్లు గడచిన కొలది చల్లదనము తగ్గుచుండును. అప్పుడు సాధారణముగా వినవచ్చు మాట ఒక్కటే: "గ్యాసు అయిపోయినది, నింపించవలెను."

ఈ మాట సరియైనదేనా? వంట గ్యాసు అయిపోవును, ఏలయన అది మండి పోవుచున్నది. డీజెలు అయిపోవును, ఏలయన అదియు మండి పోవుచున్నది. ఏసీలోని గ్యాసు మండునది కాదు. రెండింటికిని వాడుకలో 'గ్యాసు' అను ఒకే పేరు ఉండుటచే ఈ పొరపాటు కలుగుచున్నది. ఏసీ గ్యాసు నిజముగా తగ్గినచో అది ఎక్కడికో పోయినదన్నమాట. ఎక్కడికి పోయినది? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న ఆ యంత్రపు చరిత్రను కొంత తెలిసికొనవలెను. అందలి ఒక్కొక్క భాగము పూర్వము ఎవరికో ఎదురైన ఒక్కొక్క చిక్కునకు పరిష్కారముగా వచ్చినదే.

ఓడలపై వచ్చిన చల్లదనము

చిత్తూరు సీమ మదరాసు రాజధానిలో భాగముగా ఉన్న కాలములో, మదరాసు సముద్రతీరమున 1842లో ఒక గుండ్రని కట్టడమును నిర్మించిరి. అది నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి అందు కొన్ని దినములు బస చేయుటచే దానికి ఇప్పుడు ఆయన పేరు పెట్టిరి. కాని ఆ ప్రాంతమును జనులు ఇంకను 'ఐస్ హౌస్' అనియే పిలుచుచున్నారు. దానిని కట్టినది మంచుగడ్డలను నిలువ చేయుటకే.

ఆ మంచు మన దేశములో పుట్టినది కాదు. ఫ్రెడరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు బోస్టను నగర పరిసరములలోని చెరువులు శీతకాలమున గడ్డకట్టగా ఆ మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి, ఓడలపై దూర దేశములకు పంపెడివాడు. 1833లో టస్కనీ అను ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి నాలుగు నెలలకు కలకత్తా చేరినది. అప్పటికి అందు దాదాపు 100 టన్నులు మిగిలి యుండెను. తరువాత మదరాసునకును, బొంబాయికిని ఇట్లే మంచు వచ్చినది.

ఈ పద్ధతిలో చల్లదనము నిజముగానే ఖర్చగు సరకు. ఒక కిలో మంచు కరగునప్పుడు సుమారు 334 కిలోజౌళ్ల ఉష్ణమును గ్రహించి నీరగును. ఆ నీరు మరల మంచు కాదు. కరగిన దానికి బదులు మరియొక ఓడ రావలసినదే. నేటికిని ఏసీ యంత్రముల శక్తిని 'టన్ను'లలో చెప్పుట ఆ కాలపు గుర్తే. ఒక టన్ను మంచు ఇరువదినాలుగు గంటలలో కరగుచు గ్రహించు ఉష్ణమునకు సమానముగా పని చేయు యంత్రము ఒక టన్ను యంత్రము. అది 3.5 కిలోవాట్లకు సమానము. ఇచ్చట టన్ను అనగా అమెరికాలో వాడుకలోనున్న 907 కిలోల టన్ను.

గ్యాసు అయిపోయినదని అనువారు తెలియకయే మంచు ఓడల కాలపు లెక్క వేయుచున్నారు. ఆ లెక్కను మార్చివేసిన యంత్రము కలకత్తాకు తొలి మంచు ఓడ వచ్చిన మరుసటి సంవత్సరమే పుట్టినది.

చుట్టి వచ్చు ద్రవము

ద్రవము ఆవిరియగునప్పుడు పరిసరముల నుండి ఉష్ణమును గ్రహించును. కుండలో నీరు చల్లబడుట, చెమట ఆరినప్పుడు ఒళ్ళు చల్లబడుట ఇందువలననే. 18వ శతాబ్ది నడుమ స్కాట్లండులో విలియం కల్లెన్ అను వైద్యాచార్యుడు ఒక పాత్రలో ఈథరు నుంచి, పంపుతో దానిపై గాలిని తీసివేయగా ఈథరు వేగముగా ఆవిరియై ప్రక్కనున్న నీరు గడ్డకట్టుటను చూపెను. ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లాక్ ఇట్లు గ్రహింపబడు ఉష్ణమును కొలిచి, గుప్తోష్ణము అను భావమును స్థాపించెను. 1823లో మైకేల్ ఫారడే క్లోరిను మొదలగు వాయువులను పీడనముచే ద్రవములుగా మార్చెను. ఆవిరిని నొక్కి చల్లబరచినచో అది మరల ద్రవమగునని దీనివలన స్పష్టమైనది.

ఈ రెండు విషయములను కలిపి యంత్రము చేసినవాడు జేకబ్ పెర్కిన్సు. అమెరికాలో జన్మించి లండనులో స్థిరపడిన ఈయన 1834లో పేటెంటు పొందెను. ఈథరు ఒక పాత్రలో ఆవిరియై చుట్టునున్న దానిని చల్లబరచును. ఒక పంపు ఆ ఆవిరిని పీల్చి నొక్కును. నొక్కబడి వేడెక్కిన ఆవిరి ఒక గొట్టపుచుట్టలో చల్లబడి ద్రవమగును. ఆ ద్రవము ఒక కవాటము గుండ మరల మొదటి పాత్రలోనికి జారును. ఈథరు విలువైనది గనుక ఒక్క చుక్కయు పోకుండ మరల మరల వాడవలెనన్నదే పెర్కిన్సు ఆశయము.

పూతలపట్టు కూడలిలో ఆగిన లారీ బానెట్టు ఎత్తి చూచినను ఆ నాలుగు భాగములే కనబడును. ఆవిరి చేయు పాత్రను మెకానిక్కులు కూలింగు కాయిల్ అందురు, అది కేబిను లోపల ఉండును. నొక్కు పంపు కంప్రెసరు, అది ఇంజను ప్రక్కన బెల్టుతో తిరుగును. గొట్టపుచుట్ట కండెన్సరు, అది సాధారణముగా రేడియేటరుకు ముందుండును. కవాటము ఎక్స్‌పాన్షన్ వాల్వు. దాదాపు రెండు శతాబ్దములలో లోహములు, ద్రవములు, ఆకారములు మారినవి కాని ఈ వరుస మారలేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయుదము. ఒక లారీ ఏసీలో 700 గ్రాముల గ్యాసు ఉన్నదనుకొందము. దాని శక్తి ఒక టన్ను, అనగా సెకండునకు 3.5 కిలోజౌళ్లు. ప్రస్తుతము వాడుకలోనున్న ఆర్ 134ఏ అను గ్యాసు, ఎండకాలపు పరిస్థితులలో, కాయిల్ గుండ పోవునప్పుడు కిలోకు సుమారు 125 కిలోజౌళ్లు గ్రహించును. అనగా సెకండునకు 28 గ్రాములు ప్రవహింపవలెను. 700 గ్రాములును ఒక చుట్టు తిరిగి వచ్చుటకు సుమారు 25 సెకండ్లు చాలును. ఈ గ్యాసు డీజెలు వలె ఖర్చగునదైనచో లారీ కూడలి దాటక ముందే అయిపోవలెను. ఏండ్ల తరబడి పని చేయుచున్నదనగా అది ఖర్చగుట లేదు, తిరుగుచున్నది.

రోడ్డెక్కిన యంత్రము

గోడ ప్రక్కన కదలక నిలిచిన యంత్రమును రోడ్డుపై పరుగెత్తించుట వేరు సంగతి. 1927లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 'మానిటర్ టాప్' అను ఇంటి రిఫ్రిజిరేటరును విక్రయింపసాగినది. అందు మోటారు, కంప్రెసరు రెండును ఒకే ఉక్కు గుల్లలో మూయబడి యుండెను. బయటకు కరెంటు తీగలు తప్ప తిరుగు భాగమేదియు రాదు. ఇంటి ఫ్రిజ్ ఏండ్ల తరబడి గ్యాసు నింపకయే పని చేయుటకు కారణమిదే.

మోటారు బండిలో ఈ వసతి లేదు. కంప్రెసరును ఇంజను త్రిప్పవలెను. కావున దాని ఇరుసు బయటకు రావలెను. ఇరుసు బయటకు వచ్చుచోట ఒక సీలు ఉండవలెను, అది అరిగిపోవును. ఇంజను కదలును, కేబిను వేరుగా ఊగును. కావున నడుమ రబ్బరు గొట్టములుండవలెను, వానికి వయస్సుతో పగుళ్లు వచ్చును. ప్రతి జాయింటును రోడ్డు గుంతలు కదలించుచుండును. గ్యాసు పోవు దారులు ఇవియే.

1939లో ప్యాకార్డ్ కంపెనీ 1940 సంవత్సరపు కార్లకై ఏసీని ప్రకటించినది. కారులో కొనదగిన ఏసీలలో ఇదియే మొదటిదిగా చెప్పబడుచున్నది. అందు కంప్రెసరునకు క్లచ్ లేదు, ఇంజను తిరిగినంతసేపు అదియు తిరుగును. చలి దినములలో దానిని ఆపవలెనన్న ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి, బెల్టును ఊడదీయవలసి యుండెను. కొద్దికాలమునకే ఆ కంపెనీ దానిని విరమించినది. 1954లో నాష్ కంపెనీ, కంప్రెసరునకు విద్యుదయస్కాంతపు క్లచ్ కలిపి, భాగములన్నియు బానెట్టు క్రిందను డాష్‌బోర్డు వెనుకను ఇముడునట్లు చేసినది. నేటి వాహనములలో ఏసీ మీట నొక్కగానే 'టక్' మని వినబడు శబ్దము ఆ క్లచ్ శబ్దమే.

లారీల విషయములో స్మరింపదగిన పేరు ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్సు. 1893లో జన్మించిన ఈ నీగ్రో జాతి అమెరికనుడు చిన్నతనముననే తలిదండ్రుల పోషణకు దూరమై, బడి చదువు కొద్దిగానే సాగి, గ్యారేజీలలో పని చేయుచు స్వయముగా యంత్రవిద్యను, విద్యుద్విద్యను నేర్చుకొనెను. ఎండకు చెడిపోవు మాంసము లారీలలో భద్రముగా పోవుటకు ఉపాయము కావలసి రాగా, 1938 ప్రాంతమున మిన్నియాపొలిస్ నగరములో జోసెఫ్ న్యూమెరో అను వ్యాపారి ప్రోత్సాహముతో ఒక శీతల యంత్రమును నిర్మించెను. మొదటి యంత్రమును లారీ అడుగున బిగించిరి. అది మిక్కిలి బరువైనది, పైగా రోడ్డు దుమ్ము, బురద దానిని పాడుచేసెను. జోన్సు నిరాశ చెందలేదు. యంత్రమును తేలిక చేసి, కుదుపులకు ఓర్చునట్లు బిగించి, సరకుపెట్టె ముందుభాగమున పైకి మార్చెను. నేటికిని శీతల లారీలలో యంత్రము కేబిను వెనుక ఎత్తున కనబడుట ఆయన చూపిన త్రోవయే. వారు స్థాపించిన సంస్థయే తరువాత థర్మో కింగ్ అను పేరు పొందినది. 1961లో మరణించిన జోన్సునకు 1991లో అమెరికా ప్రభుత్వము జాతీయ సాంకేతిక పతకమును ప్రకటించినది.

జోన్సు యంత్రము పాడైనప్పుడు గ్యాసు నింపి ఊరకొనలేదు. ఎందువలన పాడైనదని అడిగెను. రోగనిర్ణయమున మొదటి మెట్టు అదియే.

గ్యాసులకును చరిత్ర ఉన్నది

తొలి యంత్రములలో అమోనియా, గంధక ద్విఆక్సైడు, మిథైలు క్లోరైడు వాడిరి. ఇవి విషపూరితములు. 1926 ప్రాంతమున బెర్లిను నగరములో రిఫ్రిజిరేటరు నుండి వెలువడిన విషవాయువుచే ఒక కుటుంబము మరణించిన వార్త చదివి, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, లియో సిలార్డ్ కలిసి అరుగు సీళ్లు లేని శీతల యంత్రమునకై కృషి చేసిరి. 1930లో వారికి అమెరికా పేటెంటు లభించినది. అంతటి మేధావుల దృష్టిని ఆకర్షించినది కూడ లీకు సమస్యయే.

థామస్ మిడ్జ్‌లీ మరియొక మార్గమున పోయెను. లీకైనను హాని చేయని గ్యాసును వెదకి, 1930లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుల సభలో దానిని పీల్చి, ఊది, కొవ్వొత్తి నార్పి చూపెను. విషము కాదు, మండదు. అదియే తరువాత ఆర్ 12 అను పేర మోటారు బండ్లన్నింటిలోను నిండినది. లీకైనను ఫరవాలేదను అలవాటు ఈ గ్యాసుతోనే బలపడినది.

1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ ఈ అలవాటులోని ప్రమాదమును చూపిరి. లీకైన గ్యాసు నశింపదు. మెల్లగా పై ఆకాశమునకు చేరి, అచట అతినీలలోహిత కిరణములచే విచ్ఛిన్నమై, క్లోరినును విడిచి, భూమిని కాపాడు ఓజోను పొరను కరగించును. 1985లో అంటార్కిటికాపై ఓజోను మిక్కిలి క్షీణించినట్లు వెల్లడియైనది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. భారతదేశము 1992లో అందు చేరినది, 2008 ఆగస్టు నాటికి ఈ తరగతి గ్యాసుల తయారీని, కొన్ని వైద్య అవసరములకు తప్ప, నిలిపివేసినది. మొలీనా, రోలండులకు పాల్ క్రుట్జెనుతో కలిపి 1995లో నోబెలు బహుమతి లభించినది.

ఆర్ 12 స్థానమున వచ్చిన ఆర్ 134ఏ ఓజోనును కరగింపదు. కాని భూతాపమును పెంచు విషయములో ఒక కిలో ఆర్ 134ఏ, నూరేండ్ల లెక్కలో, సుమారు 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానము. మన 700 గ్రాములు లీకైనచో అది ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుతో, అనగా సుమారు 370 లీటర్ల డీజెలును కాల్చుటతో సమానము. 2016 నాటి కిగాలి ఒడంబడికచే దీనిని కూడ తగ్గించుటకు దేశములు అంగీకరించినవి. భారతదేశము 2021లో దానిని ఆమోదించినది.

మెకానిక్కునకు ఈ చరిత్ర అవసరమా? మిక్కిలి అవసరము. ఆర్ 12 యంత్రములలో ఖనిజతైలము వాడిరి. ఆ తైలము ఆర్ 134ఏ లో కరగదు. గ్యాసుతో పాటు తిరిగి రాని తైలము కంప్రెసరునకు అందదు, కంప్రెసరు అరిగి బిగిసిపోవును. కావున పాత యంత్రముపై అతికించిన చీటీ చదివి, అందలి గ్యాసు ఏదో, తైలమేదో తెలిసికొనకుండ ఏమియు నింపరాదు. వంట గ్యాసు వంటి మండు వాయువును నింపుట మరింత ప్రమాదము. అట్టి గ్యాసునకై నిర్మింపని కేబినులో అది లీకైనచో ఒక నిప్పురవ్వ చాలును.

పాత లారీకి పరీక్ష

ఇప్పుడు చల్లగాలి రాని ఒక పాత లారీ మన ముందున్నదనుకొందము. గ్యాసు సిలిండరు తెచ్చుటకు ముందు చేయవలసిన పరీక్షలు ఒక వరుసలో ఉన్నవి. తేలికయైనవి ముందు, గొట్టములు విప్పవలసినవి చివర.

మొదటిది గాలి. బ్లోయరు గాలి బలముగా వచ్చుచున్నదా? గాలియే రానిచో ఫ్యూజును, బ్లోయరు మోటారును చూడవలెను. గాలి తక్కువైనచో ఫిల్టరు గాని, కూలింగు కాయిల్ గాని దుమ్ముతో పూడియుండవచ్చును. కొన్ని లారీలలో చలికాలపు హీటరు వాల్వు తెరచుకొని బిగిసిపోవును. అప్పుడు ఒకవైపు చల్లబడిన గాలి మరియొకవైపు వేడెక్కుచుండును. ఇందు గ్యాసు దోషమేమియు లేదు. లారీ క్రింద నీళ్లు కారుచున్నవని కంగారు పడనక్కర లేదు. గాలిలోని తేమ చల్లని కాయిల్‌పై నీరై గొట్టము ద్వారా దిగుట ఆరోగ్య లక్షణమే.

రెండవది బెల్టు, క్లచ్. మీట నొక్కగానే క్లచ్ పలక కప్పీతో కలిసి తిరుగవలెను. తిరుగనిచో ఫ్యూజు, రిలే, ఎర్తు తీగ, తుప్పు పట్టిన కనెక్షన్లు చూడవలెను. ఉదయము పట్టి మధ్యాహ్నము వదలు క్లచ్ పాత లారీలలో తరచుగా కనబడు రోగము. వేడికి క్లచ్ చుట్టలోని రాగితీగ నిరోధము పెరిగి అయస్కాంతము బలహీనపడును. పలకకును కప్పీకిని నడుమ ఎడము అరుగుదలచే పెరిగియున్నచో ఆ బలము చాలదు.

గ్యాసు మిక్కిలి తగ్గినచో పీడనపు స్విచ్చి కూడ క్లచ్‌ను పట్టనీయదు. ఇది కంప్రెసరును కాపాడు కాపలాదారు, ఏలయన తైలమును తీసికొని వచ్చునది గ్యాసే. ఆ స్విచ్చి తీగలను కలిపివేసి యంత్రమును నడుపుట, ఇంజనులో ఆయిల్ లేదని చూపు దీపమును పగులగొట్టి బండి నడుపుట వంటిది.

మూడవది కండెన్సరు. రోడ్డుపై చల్లగా ఉండి, నిలిచినప్పుడు గాని, పలమనేరు దారిలో మొగిలి ఘాటు వంటి ఎత్తులను మెల్లగా ఎక్కునప్పుడు గాని చల్లదనము తగ్గినచో అనుమానింపవలసినది దీనినే. పరుగులో ఎదురుగాలి దానిని చల్లబరచును. నిలుకడలో ఫ్యానే దిక్కు. దుమ్ము, పురుగులు, గడ్డిపరకలు రేకుల నడుమ పేరుకొన్నచో వేడి బయటకు పోదు. రేకులు వంగకుండ మెల్లని నీటిధారతో కడుగుటయే దీనికి చికిత్స. దీనిని కడుగక గ్యాసు అధికముగా నింపినచో పీడనము మరింత పెరిగి రోగము ముదురును.

నాలుగవది గొట్టములు. యంత్రము నడచుచుండగా, బెల్టునకును ఫ్యానునకును దూరముగా చేయి ఉంచి చూడవలెను. కాయిల్ నుండి కంప్రెసరునకు పోవు లావు గొట్టము చల్లగా, చెమర్చి యుండవలెను. కండెన్సరు నుండి వచ్చు సన్నని గొట్టము వెచ్చగా ఉండవలెను. కంప్రెసరు నుండి కండెన్సరునకు పోవు గొట్టము చేయి కాల్చును గనుక దానిని ముట్టరాదు. లావు, సన్న గొట్టములు రెండును ఒకే తీరున నులివెచ్చగా ఉన్నచో గ్యాసు తిరుగుట లేదని అర్థము.

ఐదవది గేజీలు. యంత్రము నడచునప్పుడు రెండు ప్రక్కల పీడనములును తక్కువైనచో గ్యాసు తగ్గియుండవచ్చును. రెండును ఎక్కువైనచో గ్యాసు అధికము, లేదా కండెన్సరు వేడిని వదలుట లేదు. తక్కువ ఉండవలసినది ఎక్కువగాను, ఎక్కువ ఉండవలసినది తక్కువగాను ఉన్నచో కంప్రెసరు అరిగినది. తక్కువ ప్రక్క శూన్యము వైపు పడిపోయినచో వాల్వు గాని, డ్రయ్యరు గాని మూసికొనిపోయినది.

ఇచ్చట భౌతికశాస్త్ర విద్యార్థులు గమనింపవలసినది ఒకటి కలదు. ఆపియుంచిన యంత్రములో పీడనము గ్యాసు పరిమాణమును తెలుపదు. ద్రవము కొంచెమైనను మిగిలియున్నంతవరకు, దాని ఆవిరి పీడనము ఉష్ణోగ్రతపైననే ఆధారపడును. 30 డిగ్రీలలో ఆర్ 134ఏ పీడనము వాతావరణ పీడనమునకు సుమారు ఏడున్నర రెట్లు, 60 డిగ్రీలలో పదహారు రెట్లకు మించును. వంట గ్యాసు సిలిండరులో ఎంత మిగిలినదో తూచి తెలిసికొనవలసి వచ్చుట కూడ ఇందువలననే. కావున ఏసీలో సరియైన గ్యాసు నింపవలెనన్న, ఉన్నదానిని యంత్రముతో తీసి నిలువ చేసి, చీటీలో వ్రాసిన బరువును తూచి ఎక్కించుటయే మార్గము.

ఆరవది లీకు. తైలము గ్యాసుతో తిరుగును గనుక, గ్యాసు పోవుచోట తైలపు మరక పడి దానిపై దుమ్ము అంటును. ఇరుసు సీలు, రబ్బరు గొట్టముల చివరలు, జాయింట్లలోని వలయములు, రాళ్లు తగులు కండెన్సరు అడుగుభాగము ముందుగా చూడవలసిన చోట్లు. పీడనము క్రింద సబ్బునీటి బుడగలు లీకును చూపును. పూర్వము వాడిన మంట దీపపు పరీక్ష ఇప్పుడు తగదు. ఆర్ 12 మంటలో పడినచో మిక్కిలి విషపూరితమైన ఫాస్జీను పుట్టును.

లీకు బాగుచేసిన పిమ్మట క్రొత్త డ్రయ్యరు వేసి, వాక్యూము పంపుతో లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగవలెను. తేమ మిగిలినచో అది వాల్వులోని సన్నని రంధ్రమున మంచుబిందువై దారి మూయును. అప్పుడు ఏసీ కొంతసేపు చల్లగా వచ్చి ఆగిపోవును. బండి ఆపి మంచు కరగిన పిమ్మట మరల వచ్చును. ఈ లక్షణమును చూచి గ్యాసు చాలలేదని ఇంకను నింపువారు కలరు. అచట కావలసినది గ్యాసు కాదు, తేమను తీయుట.

తరగతిలో చెప్పదగిన పాఠము

ఈ పరీక్షలలో గొట్టములు విప్పవలసినవి శిక్షణ పొందినవారే చేయవలెను. చర్మముపై పడిన ద్రవము క్షణములో మంచుపుండు చేయును, కంటికి మరింత ప్రమాదము. కాని సూత్రమును బడిలోనే చూపవచ్చును. విద్యార్థి చేతిపై ఒక చుక్క స్పిరిటు వేసి ఊదినచో చల్లదనము తెలియును. అదియే కూలింగు కాయిల్. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కును. అదియే కంప్రెసరు. వేడి పాలగిన్నెపై మూత పెట్టి తీసినచో అడుగున నీటిబిందువులు కనబడును. అదియే కండెన్సరు. ఈ మూడింటిని ఒక చుట్టుగా కలుపుటయే పెర్కిన్సు చేసిన పని.

2023లో తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ సంస్థల ఏసీ కర్మాగారములు పని ప్రారంభించినవి. ఒకప్పుడు చల్లదనము ఓడపై దిగుమతియైన ఈ సీమ నుండియే ఇప్పుడు శీతల యంత్రములు బయలుదేరుచున్నవి. క్రొత్త లారీలన్నియు ఏసీతో వచ్చుచున్నవి. అవియు ఒకనాడు పాతబడును, వాని సీళ్లును అరుగును. వానిని బాగుచేయవలసినవారు నేడు ఈ సీమ బడులలో చదువుకొనుచున్న పిల్లలే.

వారికి నేర్పవలసిన ప్రశ్న ఒక్కటి చాలును. గ్యాసు తగ్గినదని ఎవరైనను చెప్పినప్పుడు, "ఎక్కడికి పోయినది?" అని అడుగవలెను. సమాధానము దొరకువరకు సిలిండరు ముట్టరాదు. దానివలన యజమాని డబ్బు మిగులును, ఆకాశమునకు హాని తగ్గును. అన్నింటికంటె ముఖ్యముగా, నింపిన పది దినములకే చల్లదనము పోయి, మరల ఎండలో ఉడుకుచు బండి నడుపవలసిన దుఃస్థితి ఆ డ్రైవరునకు తప్పును.